తంబురా పట్టిన పింజారి బిడ్డ: బుర్రకథ నాజర్ జీవితం

ఫిబ్రవరి నెల వచ్చిందంటే మా నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో మిరప కోతల కాలం. తెల్లవారకముందే ఆటోల్లో ఒకరి మీద ఒకరు కిక్కిరిసి కూలీలు చేలకు పోతారు. పొద్దుగూకేదాకా నడుం వంచి కాయ కోస్తారు. తాలు వేరు, మంచి కాయ వేరు ఏరి కుప్ప పోస్తారు. ఘాటుకి చేతులు మండుతయ్యి, కళ్ళు మండుతయ్యి. ఇంటికొచ్చి బిడ్డను ఎత్తుకోబోతే ఆ బిడ్డ కూడా మంటకి కేర్‌మంటుంది. ఈ నెలలోనే పెనుగంచిప్రోలులో మాఘ పౌర్ణమికి తిరుపతమ్మ తిరునాళ్ళు జరుగుతయ్యి. ఒకపక్క తిరునాళ్ళ సందడి, మరొకపక్క కోతల కష్టం, ఇదీ మా ఫిబ్రవరి.

ఈ నెలతో ఇంకొక మనిషికి కూడా సంబంధం ఉంది. 1920 ఫిబ్రవరి 5న ఆయన పుట్టాడు, 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశాడు. ఆయన పేరు షేక్ నాజర్. తెలుగు దేశమంతా ఆయన్ని బుర్రకథ నాజర్ అంది, బుర్రకథ పితామహుడు అంది. ఆమధ్య మేం ఒక ఊళ్ళో కూలీ కుర్రవాళ్ళను కూర్చోబెట్టి నాజర్ ఎవరో తెలుసా అని అడిగాం. ముప్ఫై మందిలో ఇద్దరు మాత్రమే చేతులెత్తారు. మిగతావాళ్ళకి బుర్రకథ అంటే ప్రభుత్వం వాళ్ళు ఏదో ప్రచారానికి పెట్టించేది అన్నంతవరకే తెలుసు. ఆ మాట విని మాకు కష్టమేసింది. తప్పు ఆ కుర్రవాళ్ళది కాదు. వాళ్ళ తాతల గొంతు వాళ్ళకి అందకుండా పోయింది, అందించవలసిన వాళ్ళలో మేమూ ఉన్నాం. అందుకే ఈ వారం ఈ శీర్షికలో ఎరువుల ధర, కాలవ నీళ్ళ సంగతి పక్కనబెట్టి నాజర్ కథ చెప్పుకుంటున్నాం. చివరిదాకా చదివితే ఇది కూడా కూలి రేటు సంగతేనని మీకే తెలుస్తుంది.

దూది ఏకిన ఇంట్లో పాట

నాజర్ పుట్టింది గుంటూరు జిల్లా తాడికొండ పక్కనున్న పొన్నెకల్లులో. తండ్రి షేక్ మస్తాన్. కులం చూస్తే దూదేకుల, ఊరివాళ్ళు పిలిచే పేరు పింజారి. వింటినారితో దూది ఏకి పరుపులకీ, వడికే వాళ్ళకీ ఇవ్వటం ఆ కులం పూర్వపు వృత్తి. మిల్లులొచ్చి ఆ వృత్తిని మింగేసినయ్యి. వృత్తి పోయాక మిగిలింది రెక్కల కష్టం. పొలం పని, దొరికిన పని.

దూదేకుల వాళ్ళ బతుకు మన ఊళ్ళల్లో చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. వాళ్ళు నమాజు చేస్తారు, ఇంట్లో మాట్లాడేది మటుకు తెలుగు. పీర్ల పండక్కి పీరు ఎత్తుతారు, ఊరి జాతరకీ పోతారు. కాస్త పైకొచ్చిన ముస్లిములు వాళ్ళను తమవాళ్ళుగా పూర్తిగా ఒప్పుకోలేదు, హిందువులు తమలో కలుపుకోలేదు. పింజారి అన్న మాటని మన భాషలో తిట్టుగా వాడారంటే ఆ కులానికి ఊళ్ళో ఎంత గౌరవం దక్కిందో వేరే చెప్పాలా?

అట్లాంటి ఇంట్లో పుట్టిన నాజర్‌కి గొంతుంది. చదువుకి డబ్బు లేదు. చిన్నతనంలోనే ఊరి నాటకాల్లో వేషాలు కట్టాడు. పౌరాణిక నాటకాలు తెలుగు పల్లెల్ని ఊపేస్తున్న రోజులవి. ముస్లిం పిల్లవాడు పురాణ వేషం కడితే ఊరు తప్పుబట్టలేదు, పద్యం బాగుంటే మళ్ళీ పాడించుకుంది. హార్మోనియం పట్టాడు. నరసరావుపేట పోయి కొన్నాళ్ళు సంగీతం నేర్చుకున్నాడు. కడుపు నిండే దారి లేక అది సగంలో ఆగింది. ఈ సగంలో ఆగిన చదువు సంగతి మాకు బాగా తెలుసు. మాలాంటి వాళ్ళం బడిలో నేర్చింది కొంచెమే, మిగతాది సభల్లో, జైళ్ళకెళ్ళొచ్చిన పెద్దల దగ్గర, పాత పత్రికల్లో నేర్చుకున్నాం. నాజర్ కూడా అంతే. ఆయన సంగీతానికి పల్లెటూరి ప్రజలే పరీక్ష పెట్టారు, వాళ్ళే మార్కులేశారు.

జంగం కథ బుర్రకథ అయిన వైనం

ఇప్పుడు బుర్రకథ సంగతి చూద్దాం. దీనికి తల్లి జంగం కథ. తందాన కథ అనీ, శారద కథ అనీ కొన్నిచోట్ల అంటారు. జంగాలు ఊరూరా తిరిగి శివుడి కథలు, వీరుల కథలు చెప్పి, ఇంటింటికీ వెళ్ళి గింజలు అడుక్కుని బతికేవాళ్ళు. కథ చెప్పేటప్పుడు జనం చేతులెత్తి మొక్కారు, కథ అయిపోయాక ముష్టివాడన్నారు. మన సమాజం కళాకారుడికి ఇచ్చిన మర్యాద అది. డప్పు లేనిదే పెళ్ళీ లేదు, చావూ లేదు, కాని డప్పు కొట్టినవాణ్ణి మటుకు గడప ఎక్కనీయలేదు. పలనాటి వీరుల కథ పాడిన పిచ్చిగుంట్ల వాళ్ళ సంగతీ అంతే. పాట అందరికీ కావాలి, పాడినవాడు ఎవరికీ వద్దు.

బుర్రకథకి ముగ్గురు మనుషులు చాలు. నడుమ కథకుడు. భుజాన తంబురా, కుడిచేతి వేళ్ళకి అందెలు. తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ, అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ కథ నడుపుతాడు. చెరొకపక్క ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. ఒక వంత హాస్యం పలుకుతాడు, ఇంకొక వంత రాజకీయం పలుకుతాడు. తెర అక్కర్లేదు, రంగుల బల్ల అక్కర్లేదు. రచ్చబండ చాలు, రెండు పెట్రోమాక్సు లైట్లు చాలు. దళం మొత్తం ఒక ఎడ్లబండిలో పడుతుంది. పోలీసులొస్తే గడియలో విడిపోయి చీకట్లో కలిసిపోవచ్చు. పేదవాడి కళకి ఉండాల్సిన లక్షణాలన్నీ దీనికి ఉన్నయ్యి.

అసలు బలం ఆ రాజకీయ వంతలో ఉంది. కథకుడు ఎప్పటిదో యుద్ధం చెబుతుంటాడు. రాజు ప్రజల ధాన్యం గుంజుకున్నాడంటాడు. వెంటనే వంత అడ్డం తగిలి, ఇప్పుడు మన ఊళ్ళో ధాన్యం ఎవరి కొట్లో ఉందని నిలదీస్తాడు. హాస్య వంత ఆ కొట్టుగల ఆసామి నడక నడిచి చూపిస్తాడు. జనం ఫక్కున నవ్వుతారు. నవ్వుతూనే మనసులో లెక్క కట్టుకుంటారు. గంట ఉపన్యాసం చేయలేని పని ఆ రెండు నిమిషాల్లో అయిపోతుంది. అక్షరం రాని మనిషి చరిత్రనీ వర్తమానాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే యంత్రం అది. జంగం కథలో భక్తి ఉన్న చోట బతుకుని పెట్టి, పాత చెట్టుకి కొత్త కొమ్మ అంటుగట్టింది అభ్యుదయ ఉద్యమం. ఆ అంటుని పెంచి మానుని చేసిన మనిషి నాజర్.

టాన్యా నుంచి కష్టజీవి దాకా

1942, 43 సంవత్సరాలు. ప్రపంచ యుద్ధం జరుగుతోంది. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం 1942లో తొలిగింది. ఊళ్ళల్లో రైతు సంఘాలు, కూలీ సంఘాలు లేస్తున్నయ్యి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పార్టీ కార్యకర్తలు ఒక సంగతి గ్రహించారు. కరపత్రం చదవలేని జనానికి కథ చెప్పాలి. నాజర్ గొంతు వాళ్ళ చెవిన పడింది. నాజర్‌కి కూడా అప్పటిదాకా వెతుక్కుంటున్నది దొరికింది. పద్యం పాడి చప్పట్లు కొట్టించుకునే నటుడు, ఇక్కణ్ణించి తన కష్టాన్నే పాటగా కట్టుకునే కళాకారుడయ్యాడు.

మొదటి రోజుల్లో చెప్పిన కథల్లో సోవియట్ వీరవనిత టాన్యా కథ ఒకటి. ఆ పిల్ల అసలు పేరు జోయా. పద్దెనిమిదేళ్ళది. హిట్లర్ సేనలు మాస్కో మీదికి వచ్చినప్పుడు గెరిల్లాగా పోరాడి పట్టుబడింది, చిత్రహింసలు పెట్టినా అసలు పేరైనా చెప్పలేదు. 1941 నవంబరు 29న నాజీలు ఆమెను ఉరి తీశారు. ఎక్కడి మాస్కో, ఎక్కడి గుంటూరు జిల్లా పల్లెలు! ఐనా తంబురా మీద ఆ కథ విన్న తల్లులు తమ బిడ్డే పోయినట్టు కళ్ళు తుడుచుకున్నారు. అంతర్జాతీయత అన్న పెద్దమాట పల్లెకు ఆ కన్నీళ్ళ దారినే వచ్చింది.

సుంకర సత్యనారాయణ రాసిన కష్టజీవి బుర్రకథ తర్వాత ఈ కళకి ఒక కొత్త కథానాయకుడు దొరికాడు. అప్పటిదాకా కథల్లో రాజులు, దేవుళ్ళు నడిస్తే, ఇప్పుడు రెక్కాడితేగాని డొక్కాడని మనిషి కథ నడుమకి వచ్చి నిలబడ్డాడు. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ చావులు వాన లేక వచ్చినవి కావు. యుద్ధం పేరుతో ధాన్యం తరలించిన తెల్లదొరల ప్రభుత్వమూ, దాచి అమ్ముకున్న వర్తకులూ కలిసి తెచ్చినవి. నాజర్ ఆ కరువుని బుర్రకథగా చెప్పాడు. తెలుగు జనం బెంగాలు బిడ్డల కోసం జోలెలో డబ్బులేశారు.

1943లోనే ప్రజానాట్యమండలి పుట్టింది. ఆ ఏడాదే బొంబాయిలో ఇప్టా, అంటే భారత ప్రజా నాటక సంఘం, ఏర్పడింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలిని నడిపించిన వాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ గరికపాటి రాజారావు. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ విజయవాడలో జరిగింది. సభ అంటే ఉపన్యాసమే కాదు, పాట కూడా అన్న అలవాటు తెలుగునాట స్థిరపడింది ఆ సంవత్సరాల్లోనే.

ఇది ఒక్క తెలుగువాళ్ళ సంగతే కాదు. నాజర్ పుట్టిన 1920లోనే మహారాష్ట్రలో అన్నాభావు సాఠే పుట్టాడు. అంటరాని మాంగు కులస్తుడు. తమాషా, పోవాడ అనే పల్లె కళల్ని తీసుకుని అమర్ షేక్‌తో కలిసి లాల్ బావుటా కళాపథక్ నడిపాడు. ఒక దళితుడు, ఒక ముస్లిం కలిసి మరాఠీ కూలీల గొంతయ్యారు. ఇక్కడ పింజారి బిడ్డ తెలుగు కూలీల గొంతయ్యాడు. ఒక భాష ఎవరిది, ఒక సంస్కృతి ఎవరిది అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు మాకు తెలీదు.

మన మెట్ట, ఆ రోజుల్లో

ఇక మన ప్రాంతం సంగతి. ఇప్పుడు 2022 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా. అప్పుడు కృష్ణా జిల్లా, మద్రాసు రాష్ట్రం. పక్కన అడుగు దూరంలో నైజాం రాజ్యం. ఇక్కడ సరిహద్దు గీత తిన్నగా ఉండేది కాదు. చుట్టూ కృష్ణా జిల్లా ఉన్నా పరిటాల నైజాం ఏలుబడి. చుట్టూ నైజాం ఉన్నా మునగాల పరగణా మన నందిగామ తాలూకా. పొలం పనికి పోయినవాడు రోజులో రెండుసార్లు రాజ్యం మారేవాడు. వెట్టి మటుకు రెండుపక్కలా ఉండేది, పేరే మారేది.

మునగాల సంగతి తలుచుకుంటే తెలుగు సంస్కృతిలో ఉన్న రెండు దారులు కనపడతయ్యి. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గ్రంథాలయానికీ, విజ్ఞాన చంద్రికా మండలికీ పోషకుడు. ఆ మండలిని నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు మన పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన పండితుడు. తెలుగులో చరిత్ర, శాస్త్రం చదువుకునే వీలు వాళ్ళు కల్పించారు. ఆ మేలు కాదనలేం. కాని అదే జమీందారీలో రైతులు అక్రమ వసూళ్ళ మీద, వెట్టి మీద 1930ల చివర పోరాడవలసి వచ్చింది. పుస్తకంలో తెలుగు వెలుగుతున్న రోజుల్లోనే చేలో తెలుగు మనిషి వెట్టి చేస్తున్నాడు. అచ్చుపుస్తకం అందని ఆ మనిషికి తెలుగుతనం అందింది పాటలోనే. నాజర్ లాంటి వాళ్ళు చేసిన పని విలువ అక్కడుంది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక తెలంగాణా పోరాటం దావానలం అయింది. 1951 దాకా సాగిన ఆ పోరాటంలో మన సరిహద్దు పల్లెలు ఆశ్రయమిచ్చినయ్యి, అన్నం పెట్టినయ్యి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మాభూమి నాటకం 1947లో వచ్చి పల్లెపల్లెకీ పాకింది. పక్కనే బుర్రకథ దళాలు. జనం వేల సంఖ్యలో వస్తున్నారు. ప్రభుత్వాలకి దడ పుట్టింది. మద్రాసు ప్రభుత్వం మాభూమిని నిషేధించింది. బుర్రకథ మీద అటు నైజామూ, ఇటు మద్రాసు సర్కారూ నిషేధం పెట్టినయ్యి.

ఒక్కసారి ఆలోచించండి. ఒకడు నవాబు, ఒకరు ఖద్దరు కట్టిన కాంగ్రెసువారు. ఒకడి భాష ఉర్దూ, ఒకరి ఆఫీసు భాష ఇంగ్లీషు. ఏ విషయంలోనూ పొత్తు కుదరని ఈ ఇద్దరికీ, ఒక తంబురా, రెండు గుమ్మెటలు ప్రమాదమని మాత్రం పొత్తు కుదిరింది. 1948 తర్వాత మలబారు స్పెషల్ పోలీసుల్ని దించి కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్ని చితకబాదించారు. ప్రజానాట్యమండలి కళాకారులు కొందరు జైళ్ళపాలయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి పోయారు, దళాలు చెదిరిపోయినయ్యి.

పలనాడు ఎవరిది? బొబ్బిలి ఎవరిది?

నాజర్ పేరు నిలబెట్టిన కథల్లో పలనాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ముఖ్యమైనవి. కొంతమంది అడుగుతారు, కష్టజీవి కథ చెప్పినవాడు మళ్ళీ రాజుల కథలెందుకు చెప్పాడని. న్యాయమైన ప్రశ్నే. మాకు తోచిన సమాధానం ఇది.

వీరుల కథలు జనానివి. జమీందార్లూ, కులపెద్దలూ వాటిని తమ వంశ గౌరవానికి వాడుకున్నారు. నాజర్ వాటిని తిరిగి జనం చేతికి ఇచ్చాడు. పలనాటి కథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది. కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని అన్నం తినటం. మాల కన్నమదాసు సేనాపతి కావటం ఉంది. పన్నెండో శతాబ్దం నాటి కథ అది, ఇరవయ్యో శతాబ్దంలో కూడా టీ కొట్టులో రెండు గ్లాసులు పెట్టిన ఊళ్ళల్లో చాపకూడు ఘట్టం తంబురా మీద పలికితే, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషికి ఎట్లా ఉంటుంది, వెనక దూరంగా నిలబడ్డ మనిషికి ఎట్లా ఉంటుంది? ఒకే కథ ఇద్దరికీ వేరువేరుగా వినపడుతుంది. బొబ్బిలి కథ 1757 నాటిది, అందులో పరాయి ఫిరంగులు ఉన్నయ్యి. అల్లూరి కథ 1922 నుంచి 24 దాకా మన్యంలో జరిగింది, అందులో గిరిజనుల చేత వెట్టిగా రోడ్లు వేయించిన దొరతనం ఉంది. వంత నోరు తెరిస్తే చాలు, ఆ కథలు నేటికి వచ్చి నిలబడతయ్యి.

అలాగని ఆ కథల్లో లోపం లేదనం. పలనాటి కథలో నాగమ్మ తెలివిని కుట్రగా, మగవాడి యుద్ధాన్ని వీరత్వంగా చెప్పే పాత అలవాటు ఉంది. మా సంఘంలోని ఆడకూలీలు ఈ మాట అడిగితే మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇప్పుడు పలనాటి కథ చెప్పేవాళ్ళు నాగమ్మ వైపు నుంచి కూడా ఒక వంత పలికించాలి. నాజర్ చూపిన దారిలో నడవటమంటే ఆయన కట్టిన మాటనే అప్పజెప్పటం కాదు గదా.

ఇంకొక సంగతి. ఆంజనేయ దండకం, బాలచంద్రుడి శౌర్యం, అన్నీ ఒక ముస్లిం నోట విని తెలుగు ఊళ్ళు పరవశించినయ్యి. ఎవరూ ఆయన మతం అడగలేదు. ఈనాడు కళాకారుడి మతం చూసి, గుడి ముందు అంగడి పెట్టుకున్నవాడి మతం చూసి వేరు చేసే రాజకీయం ఊళ్ళల్లోకి దిగుతోంది. అటువంటి వాళ్ళకి నాజర్ జీవితం గొంతులో వెలక్కాయ.

బిరుదులు వచ్చినయ్యి, గొంతు ఏమైంది?

1951 తర్వాత రోజులు మారినయ్యి. నిర్బంధం తగ్గింది. గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు సినిమా తీశాడు. ప్రజానాట్యమండలిలో పెరిగిన నటులు, గాయకులు, రచయితలు చాలామంది మద్రాసు సినిమా బాట పట్టారు. వాళ్ళను తప్పుపట్టలేం, కడుపులున్నయ్యి. నాజర్‌కీ సినిమాతో పరిచయం కలిగింది, ఆయన బుర్రకథ తెరమీదా వినపడింది. ఐనా ఆయన తంబురా దించలేదు. పల్లెలకే తిరిగొచ్చాడు. కథలు కట్టాడు, ఆసామి అనే నాటకం రాశాడు, దళాలకి శిక్షణ ఇచ్చాడు. తెలుగు జిల్లాల్లో బుర్రకథ నేర్చిన వాళ్ళలో ఆయన శిష్యులో, శిష్యుల శిష్యులో ఎంతమందో.

అదే కాలంలో ఇంకొకటి జరిగింది. నిన్నటిదాకా నిషేధించిన ప్రభుత్వం బుర్రకథని ఇష్టపడటం మొదలుపెట్టింది. కుటుంబ నియంత్రణకి బుర్రకథ, పొదుపు పథకాలకి బుర్రకథ, పంచవర్ష ప్రణాళికకి బుర్రకథ. కళాకారుడికి నాలుగు డబ్బులొచ్చినయ్యి, అది మంచిదే. కాని రాజకీయ వంత మాత్రం రాజకీయం మానేశాడు. ప్రశ్న అడగవలసిన చోట పథకం పేరు చదివాడు. నిషేధం చేయలేని పనిని ఆదరణ చేసింది. కొట్టి నోరు మూయించలేని వాణ్ణి జీతమిచ్చి పలికించుకున్నారు.

1986లో కేంద్ర ప్రభుత్వం నాజర్‌కి పద్మశ్రీ ఇచ్చింది. ఆయన జీవితకథ, అంగడాల వెంకట రమణమూర్తి చేత అచ్చుకెక్కింది. ఆ పుస్తకం పేరు పింజారి. ఎంత ఆలోచించి పెట్టిన పేరో చూడండి. పద్మశ్రీ అని పెట్టుకోవచ్చు, పితామహుడు అని పెట్టుకోవచ్చు. ఊరు తిట్టుగా వాడిన మాటని తీసుకుని అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేయించుకున్నాడు. అవమానాన్ని దాచుకోకుండా జెండాగా ఎత్తటం అంటే అది. దళిత ఉద్యమం తర్వాత మన కులం పేరు మనం తలెత్తి చెప్పుకుందాం అన్నదీ ఇదే.

1997లో ఆయన పోయాడు. బుర్రకథ రాత్రుళ్ళు అప్పటికే పల్లెల్లో తగ్గిపోయినయ్యి. టీవీ వచ్చింది, వీడియో వచ్చింది. మేం చిన్నపిల్లలుగా ఉన్న 1980ల చివర ఇంకా అక్కడక్కడ విన్నాం. కథ నడుమ నిద్రపోయి, తందాన మోతకి ఉలిక్కిపడి లేచి, అమ్మ ఒళ్ళో ముఖం దాచుకున్న జ్ఞాపకం మాకుంది. మాకు చరిత్ర మొదట చెప్పింది బడి కాదు, ఆ తందాన.

మేం చేసిన తప్పు, మేం చేయవలసిన పని

ఇక్కడ మమ్మల్ని మేమే నిలదీసుకోవాలి. ఉద్యమాలు కూడా కళాకారుణ్ణి సభకి జనం పోగయ్యేదాకా పాడించి, నాయకుడు రాగానే దింపేశాయి. పాటని ఉపన్యాసానికి ముందు వేసే దరువు అనుకున్నాం. పాటే ఉపన్యాసమని మరిచాం.

రెండోది, కులం. 1968లో మన కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. దేశమంతా ఆ ఘోరం గురించి మాట్లాడింది. పలనాటి చాపకూడు పాడిన మన ఊళ్ళల్లో జరిగింది అది. ఆ కథని ఊరూరా తంబురా మీద చెప్పవలసింది, చెప్పవలసినంతగా చెప్పలేదు. ఆ బాకీ అదే కంచికచర్లలో పుట్టిన కవి కలేకూరి ప్రసాద్ తీర్చాడు. ఆయన కవిత్వంలో కోటేశు మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఆడపిల్లల వరకట్న చావుల మీద ఆయన రాసిన పాట తెలుగునేలంతా పాడుకుంది. 2013లో ఆయనా వెళ్ళిపోయాడు. నాజర్ నుంచి కలేకూరి దాకా చూస్తే ఒకటే తాడు. ఊరు బయటకు నెట్టినవాడే ఊరికి పాట ఇచ్చాడు.

ఇప్పుడు చేలలో పరిస్థితి ఏమిటి? సాగర్ ఎడమ కాలవ వచ్చాక మెట్టలో పంట మారింది. జొన్న, కంది ఉన్నచోట మిరప, పత్తి, వరి. పని పెరిగింది, అప్పు పెరిగింది. నాటుకి పాట, కలుపుకి పాట ఉన్న రోజుల్లో, పాట తీసే ఆడమనిషి ముఠాకి పెద్ద. ఆమె పాట వేగాన్ని బట్టి పని వేగం నడిచేది. ఆసామి తొందరపెడితే ఆమె పాటని నిదానం చేసేది. పాట ఆడకూలీల చేతిలో ఉన్న గడియారం. ఇప్పుడు ఆ స్థానంలో ముఠా మేస్త్రి లెక్క, సెల్‌ఫోన్ మోత. పాట పోయినచోట వేగం మీద హక్కూ పోయింది. ఇది కూలి రేటు సంగతేనని మొదట అన్నది అందుకే.

రెండేళ్ళ కిందట ఒక ఊళ్ళో కోత కూలి మీద బుర్రకథ పెట్టుకుందామని మావాళ్ళు ముగ్గురు సిద్ధమయ్యారు. మైకుకి అనుమతి అడిగితే దొరకలేదు. శాంతిభద్రతలన్నారు. ఆ వారమే అదే ఊళ్ళో అర్ధరాత్రి దాకా డీజే మోగింది, దానికి శాంతిభద్రతలు అడ్డం రాలేదు. మావాళ్ళు మైకు లేకుండానే దళితవాడలో అంబేద్కర్ బొమ్మ ముందు కథ చెప్పారు. మైకు లేదని జనం దగ్గరికి జరిగి కూర్చున్నారు. తంబురా పట్టింది ఒక పత్తి తీసే కుర్రాడు. రాజకీయ వంత ఒక మిరప కోతల అమ్మ. నలభై ఏళ్ళుగా ఎన్ని క్వింటాళ్ళ కాయ కోసిందో, ఆ కాయ మార్కెట్‌లో ఎంతకి పోయిందో, తన చేతికి ఎంత వచ్చిందో నవ్విస్తూ లెక్క చెప్పింది. మర్నాడు ఆ ముఠా చేలోకి దిగే ముందు గట్టు మీద ఆగి, కూలి సంగతి తేల్చుకుని దిగింది. అడిగినంతా రాలేదు, కొంత వచ్చింది. అనుమతి ఎందుకు దొరకలేదో మాకప్పుడు అర్థమైంది. నాజర్ నాటి సర్కార్లకి తెలిసిన సంగతే ఇప్పటివాళ్ళకీ తెలుసు.

జగ్గయ్యపేట దాటితే గరికపాడు చెక్‌పోస్టు. 1948 దాకా ఈ చుట్టుపక్కలే నైజాం సరిహద్దు. 1956లో అది చెరిగింది. 2014లో మళ్ళీ రాష్ట్ర సరిహద్దు వచ్చింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో సొంత ఊరికి పోదామని వచ్చినవాళ్ళు పిల్లాపాపలతో ఆ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. గీతలు ఎన్నిసార్లు మారినా కూలీ నడక అటూ ఇటూ సాగుతూనే ఉంది, పాటా సాగింది. తెలంగాణా రాష్ట్రోద్యమంలో ధూంధాం వేదికల మీద పల్లె పాటకి ఎంత బలముందో అందరం చూశాం.

కాబట్టి సంఘాల మిత్రులకీ, యువజనులకీ మా విన్నపం ఒకటి. ఈ ఫిబ్రవరి నెలలో నాజర్ ఫోటోకి దండ వేసి ఊరుకోవద్దు. ప్రతి మండలంలో ముగ్గుర్ని వెతకండి. ఒక తంబురా, రెండు గుమ్మెటలు సంపాదించండి. ఊళ్ళో మిగిలున్న ముసలి కథకుణ్ణి పిలిచి గౌరవంగా భోజనం పెట్టి, పిల్లలకి అడుగు నేర్పమనండి. కథ ఏదైనా పరవాలేదు, పలనాడైనా, కోటేశైనా, మన మిరప చేనైనా. రాజకీయ వంత నోరు మటుకు మూతపడనివ్వొద్దు. పొన్నెకల్లు పింజారి బిడ్డకి మనం బాకీ ఉన్నది అదే.